రాకడ గంట

జూలై 7, ఆదివారం. పొద్దున సన్న తుంపర, ఆరాధన అయ్యాక ఎండ. రెండో గంట నాలుకకు నూనె రాసి, పాత గుడ్డ తీసేసి కొత్తది చుట్టాను.

చెల్లెలికి,

నీ ఉత్తరం అందింది. మీ వదినకు పంపిన మందూ అందింది. రాత్రి కొంచెం నిద్రపోయింది.

నేను గుడ్డ చుడుతుంటే, కొత్తగా గని క్వార్టర్లకు వచ్చిన దర్జీ ఆవిడ నిచ్చెన కింద నిలబడి చూసింది. ఆరాధనకు కొట్టే గంట పక్కనే ఉంది కదా, మరి దీన్ని ఎప్పుడు కొడతారని అడిగింది. ప్రభువు తిరిగి వచ్చే రోజున అని చెప్పాను. అంతకుముందు పొరపాటున కూడా మోగకూడదనే నాలుకకు గుడ్డ చుడతామని, అది మోగిన రోజున ఎవరి చేతిలో పని వాళ్లు వదిలేసి, దాచుకున్న తెల్లబట్టలు వేసుకుని మందిరం వాకిట్లోకి రావాలని, మా తాత నాటి నుంచి ఇదే ఏర్పాటని చెప్పాను. ఆవిడ గంట వైపు తలెత్తి చూసింది. "ఒక్కసారైనా కొట్టి చూడకపోతే మోగుతుందో లేదో ఎలా తెలుస్తుందండీ?" అంది. నిచ్చెన దిగి ఇంటికి వచ్చాను.

పని సంగతి. బురద చెరువు నిండుగా ఉంది. గనిలో రాయి కడిగిన నీళ్లన్నీ అందులోకే వస్తాయి, నా పంపు తోడేది చాలడం లేదు. కట్ట అడుగున, మందిరం వెనక వైపు, ఒక చోట గడ్డి మిగతా చోట్ల కంటే పచ్చగా పెరిగింది. మేక ఒకటి రోజూ వచ్చి అక్కడే మేస్తోంది. చేయి పెట్టి చూస్తే చెమ్మ. పై ఆఫీసుకు రాసి పంపాను. కొత్త ఇంజినీరు వచ్చాడు. మంచివాడే. నా పక్కన గొంతుక్కూర్చుని నేల తడిమాడు. బుధవారం భార్యనూ పిల్లలనూ అత్తగారింటికి పంపించాడు.

కట్ట తెగితే మోగాల్సిన సైరన్ ఇంకా పనిచేయడం లేదు. లోపలి భాగమేదో రావాలట.

ఆయన రాకడ కోసం కనిపెడుతూ,
అన్నయ్య


జూలై 14, ఆదివారం

మా ముక్తసరి అన్నయ్యకు,

నీ ఉత్తరం చదివితే పంపు రిజిస్టరు చదివినట్టే ఉంటుంది. వదిన గురించి ఒక ముక్క, మేక గురించి ఒక ముక్క, కట్ట గురించి ఏకంగా పేరా. నేను ఎలా ఉన్నానని అడగడం మర్చిపోయావు. బాగానే ఉన్నాను, అంతగా అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ఆసుపత్రి బట్టల గదిలో ఆవిరికి గోడలకు కూడా చెమట పడుతుంది. దుప్పట్లు మరిగే నీళ్లలోంచి తీసి ఇద్దరం చెరో కొసా పట్టుకుని పిండుతాం. నాతో పిండే ఆవిడకు ఈ మధ్యే మొగుడు పోయాడు. మీ దేవుడు వస్తాడంటావు కదా, ఏ వార్డు నుంచి మొదలుపెడతాడని నన్ను అడిగింది. వెక్కిరింపు కాదు అన్నయ్యా, నిజంగానే అడిగింది. ఈ ఆసుపత్రిలో ప్రతి మంచమూ ఆయన కోసమే ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది, కొన్ని మంచాలకు ఆ సంగతి తెలియదంతే.

గంట గురించి చదివితే అమ్మ గుర్తొచ్చింది. తెల్లబట్టల పెట్టె తలుపు పక్కనే పెట్టి, ప్రతి ఏడూ మన కొలతలు మళ్లీ తీసి, అంచులు విప్పి కుట్టేది. ఆయన ఆలస్యం చేసేకొద్దీ నా గౌను పొడుగయ్యేది. నాన్న గంట చప్పుడు నోటితో చేస్తే మనం మంచం మీంచి దూకి వాకిట్లోకి పరుగెత్తేవాళ్లం. ఎప్పుడూ నువ్వే ముందు. మాట్లాడవు కానీ పరుగెత్తడంలో తక్కువ తినలేదు.

ఇంజినీరు పెళ్లాం పిల్లల్ని పంపేశాడని ఒక్క వాక్యంలో రాసి పెన్ను మూసేశావే. నువ్వు వదినను తీసుకుని ఇక్కడికి వచ్చేయ్. గది చిన్నదే. నేను కింద పడుకుంటాను, వదినకు మంచం, నువ్వు గుమ్మంలో. ఎలాగూ నోరు విప్పవు కాబట్టి చోటు ఎక్కువ పట్టదు.

ఆయన రాకడ కోసం కనిపెడుతూ,
చెల్లెలు


జూలై 22, సోమవారం. ముసురు పట్టింది, వదలడం లేదు. పంపు గదికి కారుతున్న రేకు మార్చాను.

చెల్లెలికి,

ముందుగా, నువ్వు ఎలా ఉన్నావు?

పచ్చగడ్డి చోట ఇప్పుడు నీళ్లు ఊరుతున్నాయి. నిన్నటి దాకా తేటగా ఉండేవి. ఇవాళ గ్లాసులో పట్టి కిటికీలో పెట్టాను. కాసేపటికి అడుగున మట్టి పేరుకుంది. ఊరే నీరు మట్టిని తెస్తోందంటే కట్ట లోపల్నుంచి తరిగిపోతోందని అర్థం. గ్లాసు ఇంజినీరుకు చూపించాను. ఆయన దాన్ని తీసుకుని తన బల్ల మీద, కాగితాల పక్కన పెట్టుకున్నాడు. క్వార్టర్లు ఖాళీ చేయించాలని ఎప్పుడో పైకి రాశాడట. జవాబు రాలేదట.

కట్ట తెగితే క్వార్టర్లలో వాళ్లకు తెలిసే దారి లేదు. మన రెండో గంట పెద్దది. దాన్ని కొట్టవచ్చునా అని నిన్న సంఘపెద్దను అడిగాను. మనం ఆమేనయ్య అని పిలిచేవాళ్లమే, ఆయన్నే. ఎవరేమన్నా ఆమేన్ అనే మనిషి ఈసారి అనలేదు. "ప్రభువు కోసం దాచిన గంటను బురద కోసం కొడతావా?" అన్నాడు.

మీ వదినకు ఆయాసం ఎక్కువైంది. పడుకుంటే ఊపిరి అందదు. కుర్చీలోనే నిద్ర. గనిలో రాళ్లు ఏరినన్నాళ్లు లోపలికి పోయిన దుమ్ము ఇప్పుడు బయటికి రానంటోంది. డాక్టరు తన చేతిలో ఏమీ లేదన్నాడు. నీ దగ్గరికి వెళ్దామంటే బస్సులో అంతసేపు కూర్చోలేనంది.

మధ్యాహ్నం సమాధుల తోటకు వెళ్లి నాన్న పక్కన రెండు గుంతలు తవ్వాను. పైన మెత్తగానే ఉంది, లోపల రాయి తగిలింది. మిగతాది తర్వాత రాస్తాను. డ్యూటీ వేళయింది.

ఆయన రాకడ కోసం కనిపెడుతూ,
అన్నయ్య


జూలై 28, ఆదివారం

అన్నయ్యా,

రెండు గుంతలా? ఒకటి వదినకని తెలుస్తూనే ఉంది. రెండోది ఎవరికి? నీకా? ఇలాంటి కబురు కూడా రేకు మార్చినట్టు రాస్తావా నువ్వు? ఈ ఉత్తరం చేరేసరికి ఆవిడ ఉందో లేదో కూడా తెలియదు నాకు. కొత్త తెల్ల దుప్పటి ఒకటి విడిగా పార్సిలు చేశాను. పెద్దది, మంచి నేత. నేనే ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేశాను. వదినను అందులో పడుకోబెట్టు. నా చేతులతో చేయగలిగింది అదొక్కటే.

గంట సంగతి. కోపంగానే రాస్తున్నాను, కోపంగానే చదువు. నాన్న పోయే ముందు ఆ గంట తాడు నీ చేతిలో పెట్టింది పంపు సైరన్‌లా వాడుకోమని కాదు. ఆయన బతుకంతా ఆ చప్పుడు కోసం చెవి ఒగ్గి, వినకుండానే వెళ్లిపోయాడు. అది సరే. నువ్వు ఆలోచించని సంగతి ఇంకొకటుంది. ఆ గంట మోగితే జనం ఏం చేస్తారు? పెట్టెలు తెరిచి, తెల్లబట్టలు వేసుకుని, ముసలివాళ్లను పట్టుకుని, పిల్లల్ని ఎత్తుకుని మందిరం వాకిట్లోకి వస్తారు. నువ్వూ నేనూ మంచం మీంచి దూకి పరుగెత్తినట్టే వస్తారు. ఆ వాకిలి ఎక్కడుంది? కట్ట కింద. నువ్వు గంట కొట్టి అందర్నీ పిలిచి బురదకు అప్పజెబుతావు. పాటలు పాడుకుంటూ నిలబడతారు అన్నయ్యా, ఒక్కరు కూడా పారిపోరు.

వదిన గురించి వెంటనే రాయి. ఒక్క ముక్క రాసినా చాలు.

చెల్లెలు


ఆగస్టు 5, సోమవారం. మబ్బు, వాన లేదు. రెండు కొయ్య స్తంభాలకు తారు పూశాను.

చెల్లెలికి,

మీ వదిన బతికే ఉంది.

పార్సిలు తనే విప్పింది. దుప్పటి ఒళ్లో పరుచుకుని చాలాసేపు నిమిరింది. తర్వాత నీ ఉత్తరం చదివింది. నవ్వితే దగ్గు వస్తుందని నవ్వడం మానేసిన మనిషి, నవ్వింది. "మీ చెల్లెలికి అన్నిట్లో తొందరే. నేను పోకముందే సాగనంపేసింది," అంది. దుప్పటి మాత్రం తిరిగి ఇవ్వనంది.

గుంతలు స్తంభాల కోసం. స్తంభాలు గంట కోసం. సరిగ్గా రాయకపోవడం నా తప్పు. నువ్వు కోపంగా రాసిన సంగతి నాకూ తట్టింది. ఆమేనయ్య కాదన్న రోజునే, మందిరం మెట్ల మీద నిలబడి చూస్తే కట్ట నా నెత్తి మీద ఉన్నట్టు కనిపించింది. గంట అక్కడే ఉంటే కొట్టకూడదు. సమాధుల తోట గట్టు మీద ఉంది, బురద అంత ఎత్తుకు రాదు. గంట అక్కడ ఉంటే జనం కూడా అక్కడికే వస్తారు.

ఆమేనయ్య ఇంటికి మళ్లీ వెళ్లాను. ఉన్నది ఉన్నట్టు చెప్పాను. కట్ట తెగితే ముందు మునిగేది మందిరం వాకిలేనన్నాను. కదల్లేదు. ప్రభువు వచ్చినప్పుడు ముందు లేచేది సమాధుల్లో ఉన్నవాళ్లే కదా, వాళ్లు పైన లేస్తే మనం కింద నిలబడి ఉండటం బాగుంటుందా అన్నాను. అది కట్ట కోసం చెప్పిన మాట కాదు, నేను నమ్మే మాటే. ఆమేనయ్య భార్య సమాధి కూడా అక్కడే ఉంది కదా. ఆయన చెప్పుల వైపు చూశాడు. "ఆవిడ లేచేసరికి నేను పక్కన ఉండాలి," అన్నాడు. తర్వాత ఆమేన్ అన్నాడు. గంటను పైకి మార్చడానికి ఒప్పుకున్నాడు, అంతే. కొట్టడానికి కాదు. ఆ సంగతి నువ్వూ దేవుడూ చూసుకోండన్నాడు.

శనివారం నలుగురం కలిసి దాన్ని పైకి మోశాం. ఆమేనయ్య వెనకే కీర్తన పాడుతూ వచ్చాడు. నిన్న ఆరాధనలో పాస్టరు గారు ప్రకటన చేశారు. ఇకమీద గంట మోగితే వాకిట్లోకి కాదు, సమాధుల తోటకు రావాలని. జనం ఒకళ్ల మొహాలు ఒకళ్లు చూసుకున్నారు. దర్జీ ఆవిడ లేచి, బట్టలు మార్చుకునే రావాలా అని అడిగింది. పాస్టరు గారు నా వైపు చూశారు. నేను సంఘంలో నోరు తెరిచింది అదే మొదటిసారి. "ఉన్న బట్టలతో రండి. ఆయన బట్టలు చూడడు," అన్నాను.

ఒక్కటే మిగిలింది. మీ వదినకు గట్టు ఎక్కే ఓపిక లేదు. తనను మోయాలి. మోయాల్సింది నేనే, గంట కొట్టాల్సిందీ నేనే. ముందే పైకి తీసుకెళ్లి పనిముట్ల కొట్టులో ఉంచుతానన్నాను. ఊపిరి ఉండగా సమాధుల మధ్య కాపురం పెట్టనంది. నా వైపు చూడకుండా, ముందు గంట కొట్టు, తర్వాత నా దగ్గరికి రా అంది. నేను సరేననలేదు.

నీళ్లు ఇంకా మట్టి తెస్తున్నాయి.

ఆయన రాకడ కోసం కనిపెడుతూ,
అన్నయ్య


ఆగస్టు 11, ఆదివారం

అన్నయ్యకూ, బతికున్న మా వదినకూ,

ఉత్తరం పట్టుకుని బట్టల గదిలో ఏడ్చాను. మొగుడు పోయినావిడ దుప్పటి రెండో కొస వదిలేసి వచ్చి నా భుజం పట్టుకుంది. ఎవరు పోయారని అడిగింది. ఎవరూ పోలేదంటే ఇంకా గట్టిగా పట్టుకుంది.

గుంతల మీద నేను రాసిన మాటలు వదిన మర్చిపోవాలి. నువ్వు మాత్రం గుర్తుంచుకో. ఇకనుంచి నువ్వు గుంత తవ్వితే ఎందుకు తవ్వావో అదే వాక్యంలో రాయాలి.

ఒకటి అడుగుతాను, కోపం లేదు ఈసారి. గంట మోగింది, అందరూ పైకి వచ్చారు, తీరా చూస్తే ప్రభువు లేడు, కింద బురద. వాళ్లు మళ్లీ ఇంకెప్పుడైనా ఎదురుచూస్తారా? నాకు ఇక్కడ రోజూ అదే భయం. ఇన్నాళ్లూ కనిపెట్టాం. అమ్మ అంచులు విప్పి కుట్టింది, నాన్న గుడ్డ మార్చాడు, ఇప్పుడు నువ్వు మారుస్తున్నావు. గంట మోగలేదు. ఆ చప్పుడు ఎలా ఉంటుందో ఎరగకుండానే మన ఇంట్లో రెండు తరాలు వెళ్లిపోయాయి. మొదటిసారి మోగేది బురద కోసమైతే నాన్నకు నేనేం చెప్పను?

వదినను ఎవరు మోస్తారన్నదానికి జవాబు నేను. సూపర్‌వైజరు కాళ్లావేళ్లా పడి సెలవు తీసుకున్నాను. 24న, శనివారం బస్సుకు వస్తున్నాను. దుప్పట్లు పిండి పిండి నా చేతులు ఎలా ఉన్నాయో నువ్వు చూడలేదు. వదినను ఎత్తుకుని బస్సెక్కుతాను, ఒళ్లో పడుకోబెట్టుకుని తీసుకొస్తాను. కూర్చోలేనంటే వినను.

ఆయన రాకడ సంగతి ఆయన చూసుకుంటాడు. నా రాకడ శనివారం.

చెల్లెలు


ఆగస్టు 19, సోమవారం. రాత్రంతా కుండపోత, తెల్లవారాక తగ్గింది. కట్ట ఎక్కడ కదిలినా తెలిసేలా దాని మీద ఈ చివర నుంచి ఆ చివరకు సున్నంతో గీత గీశాను.

చెల్లెలికి,

నీ ఉత్తరం మీ వదిన రెండుసార్లు చదివించుకుంది. నీ ప్రశ్నకు నా జవాబు కంటే తన జవాబు బాగుంది. అది రాస్తాను.

ప్రభువు వచ్చేటప్పుడు ఆయనకు బూర ఉందని చిన్నప్పటి నుంచీ వింటున్నాం కదా అంది. ఆ బూర చనిపోయినవాళ్లకు కూడా వినిపిస్తుందంటే మన గంట సాయం ఆయనకెందుకంది. బూర లేనిది మనకు. గంట కావలసిందీ మనకే. ఇదంతా ఒక్క ఊపిరిలో అనలేకపోయింది. మధ్యలో ఆగి ఆగి అంది.

నా జవాబు చిన్నది. ఆయన కోసం పైకి వచ్చినవాళ్లకు తాడు దగ్గర మనమే కనిపిస్తే తిట్టుకోనీ. బతికి తిట్టుకోనీ. తిట్టుకున్నాక మళ్లీ కనిపెట్టడానికి మనుషులు మిగులుతారు. నాన్నకు అదే చెప్పు. నేను కూడా చెబుతాను.

మోయడం సంగతి కూడా తనే తేల్చింది. "సమాధుల తోటలో కాపురమంటే రాను. ఉద్యోగమంటే వస్తాను," అంది. తాడు తను పట్టుకుంటుందట. కాళ్లలో బలం లేదు, ఊపిరి లేదు, చేతులు బాగానే ఉన్నాయి. గనిలో రాళ్లు ఎత్తిన చేతులు. రోజూ పొద్దున తనను వీపు మీద పైకి తీసుకెళ్లి స్తంభాల దగ్గర కుర్చీలో కూర్చోబెడతాను. పంపు గది నుంచి ఆ చోటు కనిపిస్తుంది. కట్టలో తేడా కనిపిస్తే నీ తెల్ల దుప్పటి ఊపుతాను. తను తాడు లాగుతుంది. సాయంత్రం మళ్లీ దింపుకుంటాను, అప్పటి నుంచి ఆమేనయ్య కొడుకులు కూర్చుంటారు.

ఇవాళ మొదటి రోజు. వీపు మీద తను ఎంత తేలికగా ఉందో నీకు రాయను. దారిలో నా చెవిలో, పెళ్లయిన కొత్తలో ఎప్పుడూ ఎత్తుకోలేదు, ఇప్పుడు గుర్తొచ్చిందా అంది. ఆమేనయ్య మాకంటే ముందే వెళ్లి భార్య సమాధి పక్కన కూర్చున్నాడు. మీ వదిన గంట నాలుకకు చుట్టిన గుడ్డ విప్పించి, మడిచి ఒళ్లో పెట్టుకుంది. ఆమేనయ్య చూశాడు, కాదనలేదు.

దర్జీ ఆవిడ కూడా కుట్టు మిషను మోసుకుని పైకి వచ్చేసింది. అక్కడైతే గాలి బాగుందట.

ఇంజినీరు ఇవాళ ఆఫీసులో లేడు. బల్ల మీద గ్లాసు ఉంది. నీళ్లు ఆరిపోయాయి, మట్టి మిగిలింది.

ఆగస్టు 20, మంగళవారం. ఎండ. ఆకాశంలో మబ్బు తునక లేదు. పంపు గది కడిగి, కిటికీ తుడిచాను.

నిన్న ఈ ఉత్తరం ముగించలేదు. ఇవాళ డ్యూటీ దిగాక పోస్టు చేస్తాను. నువ్వు బయలుదేరే ముందు అందాలి.

రావద్దని రాద్దామనుకున్నాను. రాసినా వినవు. అందుకని ఇది రాస్తున్నాను. శనివారం బస్సు గట్టు మలుపు దగ్గర మెల్లగా వెళ్తుంది. అక్కడే దిగు. క్వార్టర్లకు రాకు. ఇల్లు చూసి వద్దామని కూడా గట్టు కిందికి దిగకు. మలుపు నుంచి సమాధుల తోటకు కాలిబాట ఉంది. మీ వదిన అక్కడే ఉంటుంది. నేను కనిపించకపోయినా ఆగి వెతకవద్దు, ముందు తనను తీసుకెళ్లు. తన మందు కుర్చీ కింద సంచిలో ఉంది. కుడి వైపుకు ఒరిగి పడుకుంటే ఆయాసం తక్కువ.

ఇక్కడి నుంచి తను చుక్కంత కనిపిస్తోంది. మాటిమాటికీ చేయి ఊపుతోంది. ఊపవద్దని చెప్పాను, వినదు. నేను తిరిగి ఊపితే అది సైగ అనుకుంటుందని చేతులు కట్టుకుని కూర్చున్నాను. క్వార్టర్లలో బట్టలు ఆరేశారు. ఎవరో కూర తాలింపు వేస్తున్నారు, ఇక్కడిదాకా వస్తోంది. మంచి ఎండ కావడంతో పిల్లలు మందిరం వాకిట్లో ఆడుతున్నారు.

మేక ఇవాళ గడ్డి దగ్గరికి రాలేదు.

పంపు చప్పుడు మారింది. నీళ్లు కాదు, గాలి పీలుస్తోంది. చెరువు తగ్గిందేమోనని కిటికీలోంచి చూశాను. నిన్న గీసిన సున్నం గీత తిన్నగా ఉండేది. మధ్యలో వంగింది.

దుప్పటి తీసుకుని వెళ్తున్నాను. పంపు ఇరుసుకు నూనె పెట్టడం ఇంకా